రెండు వందల పన్నెండో గొంతు

పెద్దకోడలు తన బల్లని కిటికీకి వీపు వచ్చేలా జరుపుకుని పదకొండు రోజులైంది. పన్నెండో రోజు, సోమవారం, ఎవరూ రాకముందే వచ్చి దాన్ని మళ్ళీ కిటికీ వైపుకి తిప్పేసింది. తిప్పుతుంటే బల్లకాలు నేలమీద కీచుమంది, పెన్నుల డబ్బా బోర్లాపడింది. కిటికీ అవతల యూనివర్సిటీ ప్రహరీ, ప్రహరీ అవతల రోడ్డు, రోడ్డుకి అటుపక్క గాజుతలుపుల కంపెనీ. ఆ గాజు మీద నిలువెత్తు బొమ్మలో ఆవిడ తోడికోడలు చేతులు కట్టుకుని నవ్వుతోంది. ‘మీ మాట మాకు అర్థమవుతుంది’ అని బొమ్మ కింద మూరెడు మూరెడు అక్షరాలు. వీపు పెట్టుకున్న పదకొండు రోజులూ ఆ నవ్వు మెడ మీద చీమలా పాకుతూనే ఉంది. కనపడకుండా కుట్టేదానికన్నా ఎదురుగా కనపడి కుట్టేదే కాస్త నయమనిపించింది పెద్దకోడలికి.

“అర్థమవుతుందట,” అంది పెన్నులు ఏరుకుంటూ, పైకే. “అది వినడం నేర్చుకున్నదే ఈ కుర్చీలో.”

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో అబద్ధమేమీ లేదు. దీన్ని అందరూ గొంతుల గది అంటారు. మనిషి మాట్లాడితే యంత్రం విని అక్షరాల్లో పెట్టడమెలాగని ఇక్కడ ఇరవయ్యేళ్ళుగా పరిశోధన చేస్తున్నారు. యంత్రానికి నేర్పాలంటే గొంతులు కావాలి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ, ముసలీ ముతకా, ఎవరు వస్తే వాళ్ళని గూడులాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి మైకు ముందు పది నిమిషాలు మాట్లాడిస్తారు. ఆ మాటల్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పదిసార్లు విని, అక్షరం పొల్లుపోకుండా కింద రాసిపెట్టడం పెద్దకోడలి పని. చెవులకి హెడ్‌ఫోన్లు, కుడికాలి కింద పెడలు. నొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. పదిహేనేళ్ళుగా నొక్కీ నొక్కీ, ఇంట్లో ఎవరైనా ఆసక్తిగా ఏదైనా చెబుతున్నా ఆవిడ కుడికాలు దానంతటదే నేలని నొక్కుతూ ఉంటుంది.

ఒకప్పుడు పంక్చర్లు వేసే కొట్టూ, జిరాక్సు కొట్టూ తప్ప దిక్కులేని ఆ రోడ్డులో ఇప్పుడు ఇరవైమూడు కంపెనీలున్నాయి. ఒకటి ఆసుపత్రికి ఫోన్ చేసినవాళ్ళ మాట విని టోకెను రాస్తుంది. ఒకటి కోర్టులో వకీళ్ళు చెప్పింది చెప్పినట్టు దించుతుంది. ఇంకొకటి కళ్ళు లేనివాళ్ళకి బస్సుల వేళలు చెబుతుంది. అన్నిటికీ పునాది ఈ గదిలో పోగైన గొంతులూ, ఈ గదిలో కనిపెట్టిన పద్ధతులే. మరి పునాదికి ఎవరు బొమ్మ వేస్తారు గనుక?

ఆ గదికి పెద్దయిన ప్రొఫెసరమ్మ లోపలికి వచ్చి, బల్ల తిరిగి ఉండడం చూసి, దాని మూల మీద కూర్చుంది. రిటైరవడానికి ఇంకో ఏడాదుంది ఆవిడకి. వేళ్ళకి ఎప్పుడూ సుద్ద.

“గురువారం కమిటీ వస్తోంది,” అంది. “కంపెనీలన్నీ కలిసి పరీక్షల గది పెట్టుకుంటున్నాయని చెప్పాను కదా. ఎవరి యంత్రమైనా బయటికి వెళ్ళేముందు అక్కడ పరీక్ష రాయాల్సిందే. ఇంతవరకూ ఏ యంత్రమూ వినని గొంతులు ఆ గదిలో తాళం వేసి ఉంటాయి. ఆ తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలన్నది తేలుస్తారు. రెండు పేర్లొచ్చాయి.”

“రెండోది ఎవరిదో నేను చెప్పనా?” అంది పెద్దకోడలు. కిటికీ వైపు చూడకుండానే.

“చెప్పక్కర్లేదు. నాకూ కళ్ళున్నాయి,” అని ప్రొఫెసరమ్మ లేచింది. “మన తప్పుల పుస్తకం చూపించమన్నారు. మొత్తం చదివే తీరిక వాళ్ళకి ఉండదు. ముఖ్యమైన పేజీలకి చీటీలు పెట్టి ఉంచు.”

తప్పుల పుస్తకమంటే ఆ గది ఆచారం. నీలం అట్ట, దారం కుట్టు, నాలుగు వందల పేజీలు. ఎవరు తప్పు చేస్తే వాళ్ళు స్వహస్తాలతో తారీఖు వేసి, ఏం జరిగిందో రాసి, కింద సంతకం పెట్టాలి. కొట్టివెయ్యకూడదు. పేజీ చింపకూడదు. కంపెనీల వాళ్ళు ఎక్కడైనా ఇరుక్కుంటే ముందుగా వచ్చి తిరగేసేది దాన్నే, తమకన్నా ముందు ఆ గుంటలో పడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని.

పరీక్షల గది. ఆ మాట ఆ రోజంతా పెద్దకోడలి నోట్లో నానింది. పదిహేనేళ్ళలో మొట్టమొదటిసారి ఆవిడ పేరుతో ఒక గది. దాని తాళంచెవి కూడా పైమేడ దానికే పోతే, ఇంక ఈ బల్లని ఏ వైపు తిప్పుకున్నా ఒకటే.

పైమేడ అనడం ఎందుకంటే అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. కింద పెద్దవాడి కాపురం, పైన చిన్నవాడిది. అత్తగారు పగలు కింద, సాయంత్రం పైన. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఎదురుగా ఎవరూ లేకపోతే మెట్లకి కూడా కబుర్లు చెప్పగలదు. అన్ని కబుర్లు చెప్పే మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు విప్పేది కాదు. ఒక కోడలి సంగతి ఇంకో కోడలి దగ్గర చచ్చినా ఎత్తదు.

మంగళవారం పొద్దున పెద్దకోడలు చెప్పులేసుకుంటూ అడిగింది. “నిన్న పైన ఏం వండింది అత్తయ్యా?”

“ఏదో వండిందిలే.”

“బాగుందా?”

“తిన్నాను కదా.”

“అంటే బాగుందనా, లేకపోతే తినక తప్పలేదనా?”

“నీకు ఆఫీసుకి ఆలస్యమవుతోందమ్మా పెద్దమ్మాయ్,” అని అత్తగారు గోడ మీది గడియారం వైపు చూసింది. ఆ గడియారం ఆగిపోయి రెండు నెలలైంది.

అదే సమయానికి మెట్లమీద టకటకమని చప్పుడు. చిన్నకోడలు దిగుతోంది, ఒక చేతిలో ఫోను, భుజాన సంచి. మెడలో కంపెనీ కార్డు. ఆ కార్డు మీద కూడా అదే నవ్వు.

“అక్కా, గురువారం నువ్వూ వస్తున్నావటగా,” అంది ఆగి.

“వస్తున్నానటగా ఏమిటి? నా గదిలోనే కదా కూర్చునేది. నువ్వు వస్తున్నావు.”

“అదీ నిజమే,” అని చిన్నకోడలు నవ్వింది. ఆ నవ్వులో ఏ వంకా దొరకలేదు. దొరికుంటే పెద్దకోడలికి ఆ పూట కొంచెం సుఖంగా గడిచేది.

గొంతుల గదికి వెళ్ళి తప్పుల పుస్తకం ముందేసుకుంది. పసుప్పచ్చ కాగితాన్ని వేలెడంత చీటీలుగా కత్తిరించింది. ఒకడు వారం రోజుల రికార్డింగు మైకు తీగ పెట్టకుండానే చేశాడు, దానికో చీటీ. ఒకమ్మాయి అంకెలన్నీ తలకిందులు రాసింది, దానికో చీటీ. ఇంకో రెండు. ఐదో చీటీ ఎక్కడ పెట్టాలో ఆవిడకి పుస్తకం తియ్యకముందే తెలుసు. నూట ముప్ఫై ఏడో పేజీ. ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచిందో, పుస్తకం వదిలేస్తే దానంతటదే అక్కడ విచ్చుకుంటుంది.

ఆరేళ్ళ కిందటి రాత. ‘నేర్పే గొంతుల్లోని నలభై ఒకటీ, పరీక్ష గొంతుల్లోని రెండు వందల పన్నెండూ ఒకే మనిషివి. పరీక్షలో ముసలివాళ్ళు నలుగురే, అందులో ఒకరిని యంత్రం ముందే వినేసింది. కాబట్టి ముసలివాళ్ళ మాటలో మనకి వచ్చినవి దొంగమార్కులు. ఆసుపత్రికి ఫోన్ చేసే ముసలివాళ్ళు ఏం చెప్పినా యంత్రానికి అర్థం కానిది అందుకే. తప్పు నాది.’ కింద చిన్నకోడలి సంతకం, పొడుగు తోకతో. అప్పట్లో అదీ ఈ గదిలోనే పనిచేసేది, ఆ రెండు గొంతుల్నీ విని అక్షరాల్లో పెట్టింది అదే.

గొంతుల పనిలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. యంత్రానికి నేర్పే గొంతులు వేరు, పరీక్ష పెట్టే గొంతులు వేరు. రెండూ కలిశాయంటే ప్రశ్నపత్రం ముందురోజే పిల్లవాడి చేతిలో పెట్టినట్టు. అందుకే మైకు ముందు ఎవర్ని కూర్చోబెట్టినా మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ‘ఇంతకుముందు ఇక్కడ మాట్లాడారా?’ అని. పేర్లు కవరులో పెట్టి సీలు వేసేస్తారు గనుక, ఆ ప్రశ్న తప్ప వేరే కాపలా లేదు. చిన్నకోడలు అది అడగడం మరిచిపోయింది. తాళం వేసిన గొంతుల్ని కాపాడే ఉద్యోగానికి వచ్చింది మళ్ళీ.

ఆరేళ్ళ కిందట ఆ పేజీ చూసినప్పుడు ఏ గొంతో ఏమిటో తీసి వినాలనిపించలేదు పెద్దకోడలికి. సంతకం చూస్తేనే కడుపు నిండింది. ఇప్పుడు ఐదో చీటీని మిగతావాటికన్నా అరంగుళం పైకి కనిపించేలా పెట్టింది. పెట్టి, పుస్తకాన్ని పక్కనుంచి ఒకసారి చూసుకుంది. బాగా కనిపిస్తోంది.

బుధవారం పొద్దున ప్రొఫెసరమ్మ పుస్తకం చేతిలోకి తీసుకోగానే ఆవిడ బొటనవేలు సరిగ్గా ఆ పొడుగు చీటీ దగ్గరే పడింది. పేజీ చదివింది. కళ్ళజోడు పైనుంచి చూసింది.

“ఇది పెట్టావా?”

“ముఖ్యమైనవి పెట్టమన్నారుగా.”

“ముఖ్యమైనదే,” అంది ప్రొఫెసరమ్మ. “అయితే ఆ రెండు గొంతులూ కూడా తీసి ఉంచు. వాళ్ళు వినిపించమంటారు.”

పాత రికార్డింగులు ఇనుప బీరువాలో ఉంటాయి, డిస్కుల మీద. పెద్దకోడలు మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ము ఊది రెండు డిస్కులు తీసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలు పెడలు మీద ఆనించి, ముందు నలభై ఒకటి నొక్కింది.

“ఆసుపత్రిలో చెప్పులు పోయాయమ్మా నావి. బయట వదిలి లోపలికెళ్ళాను, వచ్చేసరికి ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు. ఒక చెప్పు ఎత్తుకుపోయిన దొంగని నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు…” మధ్యలో రెండు దగ్గులు.

కాలు జారి గొంతు ఆగిపోయింది. ఆ కథ ఆవిడ కనీసం నలభైసార్లు విన్నది. ఆ రెండు దగ్గులూ ఎక్కడొస్తాయో కూడా తెలుసు.

అత్తగారు.

అంటే చిన్నకోడలు అత్తగారిని తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది, ఒక్క మాట చెప్పకుండా. ఒళ్ళు భగ్గుమంది పెద్దకోడలికి. ఎంతకైనా తెగిస్తుంది. రెండోసారీ అదే తీసుకొచ్చి ఉంటుంది, నంబరు మార్చి. ఇంట్లో మనిషైతే వెతుక్కునే పని లేదుగా. ఆ మంటమీదే రెండు వందల పన్నెండు పెట్టింది. బయటికిచ్చే ముక్క కాకుండా అసలు రికార్డింగు, మొదటినుంచీ. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తలుపు వేసిన చప్పుడు. ఆ తరవాత అత్తగారు.

“మళ్ళీ ఆ గొట్టంలోకేనా?”

వెంటనే ఇంకో గొంతు, మైకుకి దూరంగా, విసుగ్గా. “అబ్బా, కూర్చోండి అత్తయ్యా. టైమవుతోంది.”

ఆ రెండో గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి పెద్దకోడలికి కాస్త సమయం పట్టింది. వేలమంది గొంతులు విన్నదిగానీ తన గొంతు తాను విన్నది తక్కువ.

పెడలు వెనక్కి నొక్కింది. “మళ్ళీ ఆ గొట్టంలోకేనా?” “అబ్బా, కూర్చోండి అత్తయ్యా.” ఇంకోసారి. ఇంకోసారి. ఎన్నిసార్లు విన్నా ముందు ‘మళ్ళీ’ అనే వస్తోంది, వెనక ‘అబ్బా’ అనే వస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష గొంతులకి అది ఆఖరిరోజు, రావాల్సిన ముసలమ్మ రాలేదు, సంఖ్య నిండాలి. ఇంటికి పరుగెత్తి అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. ఇంట్లో మనిషిని అడిగేదేముందని ప్రశ్న అడగలేదు. అడక్కపోయినా అత్తగారు జవాబు చెప్పింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళింది. అన్నం ముట్టలేదు. అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“అత్తయ్యా, మా ఆఫీసుకి మీరు ఎన్నిసార్లొచ్చారు?”

ఈనె తీసే చెయ్యి ఆగింది. “ఎందుకమ్మా ఇప్పుడు?”

“చెప్పండి.”

“రెండుసార్లు. ముందు చిన్నమ్మాయి తీసుకెళ్ళింది. ఆ తరవాత ఎప్పుడో నువ్వు.”

“ముందు వచ్చానని నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఊరుకుంటావా? దాన్ని ముందు తీసుకెళ్ళనిచ్చారా అని మూడు రోజులు మూతి ముడుచుకుంటావు. అన్నంలో ఉప్పు వెయ్యడం మరిచిపోతావు. ఇద్దరికీ నా గొంతు కావాలంటే ఇద్దరికీ ఇచ్చాను. నాదేం అరిగిపోయిందా?” అని అత్తగారు ఇంకో కాయ తీసుకుంది. “రెండుసార్లూ బిస్కెట్లు కూడా పెట్టారు.”

“ఎవరివి బాగున్నాయి?” అని అడిగేసింది పెద్దకోడలు. ఆ సమయంలో ఆ ప్రశ్న ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

“ఏదో ఒకటిలే. రెండూ బాగానే ఉన్నాయి.”

తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. ఐదో చీటీ తీసేస్తే? ప్రొఫెసరమ్మ చూసేసింది. డిస్కు కనపడలేదంటే? బీరువా తాళం తన దగ్గరే ఉంటుందని అందరికీ తెలుసు. ఎదురుగా తెరమీద రెండు వందల పన్నెండో గొంతు పొడుగ్గా పరుచుకుని ఉంది, ఎత్తుపల్లాల గీతలా. ఎడమ చివర రెండు చిన్న గుట్టలు. ఒకటి ‘మళ్ళీ’, ఒకటి ‘అబ్బా’. మొత్తం కలిపి నాలుగు సెకన్లు.

మనుషులు సర్దుకుని కూర్చునేదాకా వచ్చే చప్పుళ్ళని కత్తిరించడం ఆ గదిలో రోజూ చేసే పనే. కుర్చీల చప్పుడూ, గొంతు సవరింపులూ రోజుకి నలభై యాభై కత్తిరించే చెయ్యి అది. ఇది మాత్రం తప్పెలా అవుతుంది? అక్కడే చాలాసేపు కూర్చుంది. కిటికీలోంచి ఎదురుబొమ్మ నవ్వుతోంది. ఆరేళ్ళ కిందట అది ఈ నాలుగు సెకన్లూ విని ఉంటుంది, వినకుండా ఆ పేజీ రాసి ఉండదు. విని కూడా ‘తప్పు నాది’ అని రాసింది. ఎందుకు రాసినట్టు? జాలిపడిందా తనమీద? ఆ ఆలోచన వచ్చేసరికి పెద్దకోడలి వేళ్ళు ఇక ఆగలేదు. రెండు గుట్టల్నీ ఎంచి, కత్తిరించి, మిగిలిన ముక్కకి కొత్త పేరు పెట్టి కమిటీ ఫైల్లో పడేసింది. అసలుదాన్ని మాత్రం చెరపలేదు. దాని జోలికి వెళ్ళకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది.

గురువారం పదిగంటలకి కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు ఏదీ అడగకుండా రాసుకునే రకం. మూడో ఆయనే అసలు మనిషి, ఆ వీధిలో మొదటి కంపెనీ పెట్టినాయన. ఈ గదిలోనే చదువుకుని వెళ్ళాడు. జుట్టంతా పోయింది, సైకిలు మాత్రం పోలేదు, ఇప్పటికీ దానిమీదే వస్తాడు. అందరూ సైకిలు సారు అంటారు. చిన్నకోడలు వచ్చి పెద్దకోడలి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. వేరే కుర్చీ లేదు మరి.

సైకిలు సారు పుస్తకం తీసుకుని ఒక్కో చీటీ దగ్గరా ఆగాడు. మైకు తీగ కథకి నవ్వాడు, “ఆ మహానుభావుణ్ణి నేనే,” అన్నాడు. ఐదో చీటీ దగ్గర మాత్రం నవ్వలేదు. పేజీ మొత్తం పైకి చదివాడు. పెద్దకోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని వింది. చీటీ పెట్టేటప్పుడు ఈ క్షణాన్ని ఎంత ముచ్చటగా ఊహించుకుందో, ఇప్పుడు అంత తొందరగా దాటిపోతే బాగుండుననిపించింది.

“ఈ చీటీ పెట్టిందెవరో గానీ సరైన పేజీకి పెట్టారు,” అన్నాడు సైకిలు సారు. “మేడం, ఈ పేజీ లేకపోతే మా వీధి లేదు.”

పెద్దకోడలు తలెత్తింది.

“అప్పట్లో మేం ఐదు కంపెనీలం. ఐదింటి యంత్రాలూ ముసలివాళ్ళ దగ్గరే బోల్తాకొట్టాయి. బయట పెద్ద పెద్ద కంపెనీలకీ అదే అయింది, వాళ్ళు దాచుకున్నారు. మీరు రాసిపెట్టారు. ఎందుకు పడ్డామో తెలిసింది గనక ఆరు వందల ముసలి గొంతులు పోగుచేశారు, మీ విద్యార్థులు ఏడాదిన్నర వాటి మీదే పరిశోధన చేశారు. పళ్ళు లేని మాట, దగ్గు మధ్యలో మాట, చెప్పిందే మళ్ళీ చెప్పే మాట, అవన్నీ అర్థం చేసుకునే యంత్రం మొదట మన దగ్గరే పుట్టింది. ఇవాళ ఇరవైమూడు కంపెనీలమంటే దీని చలవే.” ఆయన చిన్నకోడలి వైపు తిరిగాడు. “ఇంత ధైర్యంగా తప్పు రాసిన మనిషి మీరేనన్నమాట.”

ఆ ఆరు వందల గొంతులూ విని అక్షరాల్లో పెట్టింది పెద్దకోడలు. చెవులు వాచిపోయేలా. ఆవిడ వైపు ఎవరూ తిరగలేదు.

“నలభై ఒకటో గొంతు నేను తెచ్చిందేనండీ,” అంది చిన్నకోడలు నెమ్మదిగా. “కలిసిపోయాయని పట్టుకున్నదీ నేనే.” రెండో గొంతు ఊసెత్తలేదు.

“ఏదీ, రెండోది వినిపించండి,” అన్నాడు సైకిలు సారు.

ప్రొఫెసరమ్మ మీట నొక్కింది. స్పీకర్లోంచి ఏ ముందూ వెనకా లేకుండా ఒక్కసారిగా వచ్చింది, “ఆసుపత్రిలో చెప్పులు పోయాయమ్మా నావి…” రాసుకునే ఇద్దరూ ముసిముసిగా నవ్వారు. పెద్దకోడలు కిందికి చూసింది. బల్ల కింద తన కుడికాలు నేలని నొక్కుతోంది. దాని పక్కనే ఇంకో కుడికాలు, కొత్త చెప్పుల్లోది, అది కూడా సరిగ్గా అలాగే నొక్కుతోంది. ఆ కాలు చటుక్కున ఆగింది. చిన్నకోడలు తల తిప్పి పెద్దకోడలి మొహంలోకి చూసింది. ముందు నాలుగు సెకన్లు లేవని పెద్దకోడలు కాక ఆ గదిలో ఆ ఒక్కదానికే తెలుసు. చూసి, మళ్ళీ తల తిప్పేసుకుంది.

“ఎవరీ మహాతల్లి?” అన్నాడు సైకిలు సారు నవ్వుతూ. “ఈవిడకీ, ఈ అమ్మాయికీ మేం సన్మానం చెయ్యాలి.”

“ఆ తప్పు నాదండీ,” అంది పెద్దకోడలు.

తప్పు ఒప్పుకునేవాళ్ళ గొంతులా లేదది. తన వస్తువుని ఎవరో చంకన పెట్టుకుని పోతుంటే వీధిలోకి వచ్చి అడ్డుపడ్డట్టుంది. అందరూ తిరిగి చూశారు. “రెండు వందల పన్నెండో గొంతు తెచ్చింది నేను. అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు మీరు విన్నది కత్తిరించిన ముక్క. అసలుది తెస్తానుండండి.”

బీరువా దగ్గరికి వెళ్ళింది, తాళం తీసింది, డిస్కు తెచ్చి తనే పెట్టింది. కుర్చీ చప్పుడు. తలుపు చప్పుడు. “మళ్ళీ ఆ గొట్టంలోకేనా?” “అబ్బా, కూర్చోండి అత్తయ్యా. టైమవుతోంది.” ముందు సైకిలు సారు పకపకా నవ్వాడు, ఆ వెంటే రాసుకునేవాళ్ళు. ప్రొఫెసరమ్మ నవ్వలేదు.

“కత్తిరించింది ఎప్పుడు?”

“నిన్న.”

ప్రొఫెసరమ్మ పుస్తకం ముందుకి జరిపి, నూట ముప్ఫై ఏడో పేజీ తెరిచి, పెన్ను మూత తీసి ఇచ్చింది. పాత రాత కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. పెద్దకోడలు గుండ్రంగా, ఓపిగ్గా రాసింది. ‘రెండు వందల పన్నెండో గొంతుని తెచ్చింది నేను. ముందు ఇక్కడ మాట్లాడారా అని అడగలేదు. ఆవిడ చెప్పినా వినలేదు. నిన్న ఆ మాటని కత్తిరించాను. ఇవి రెండు తప్పులు.’ సంతకం పెట్టాక ఒకసారి పైకీ కిందకీ చూసుకుంది. చిన్నకోడలి రాతకన్నా తన రాతే బాగుంది.

వాళ్ళు ముగ్గురూ లోపల కూర్చుని మాట్లాడుకుని ముప్పావుగంటలో లేచారు. వరండాలోకి వచ్చి ప్రొఫెసరమ్మే చెప్పింది. “తాళంచెవి చిన్నదానికిచ్చారు. ఆరేళ్ళ కిందటి తప్పుకి నిన్ను ఎవరూ ఏమీ అనలేదమ్మా. అలాంటివి నావి అందులో పదకొండున్నాయి. నిన్నటిదానికి మాత్రం నేనే నీ తరఫున మాట్లాడలేకపోయాను.”

“మీరు మాట్లాడినా బాగుండేది కాదు లెండి,” అంది పెద్దకోడలు.

సాయంత్రం తోడికోడళ్ళిద్దరూ కలిసే ఇంటికి నడిచారు. దారి ఒకటే, వేళ ఒకటే, తప్పించుకునే సందు లేదు. గాజుతలుపుల కంపెనీ దాటారు.

“ఎందుకు పెట్టావు నీ సంతకం?” అంది పెద్దకోడలు.

“అప్పుడు నీ ఉద్యోగం పొడిగించే కాగితం మేడం బల్ల మీదుంది. నేనెలాగూ వెళ్ళిపోతున్నాను.” నాలుగడుగులు వేసి, “అంత మంచిదాన్నేమీ కాదులే అక్కా. అత్తయ్యని ముందు నేను తీసుకెళ్ళానని నీ దగ్గర దాచాను కదా. సగం నాదే.”

“ఇంట్లోనైనా నాతో చెప్పొచ్చుగా.”

“చెబితే? నేను నీకు ఉపకారం చేశానని తెలిస్తే నన్ను క్షమించేదానివా?”

పెద్దకోడలు నిజంగానే ఆలోచించింది. “లేదు,” అంది.

“అందుకే.”

“ఆరేళ్ళూ నన్ను చూసి లోపల్లోపల నవ్వుకున్నావా?”

“రెండేళ్ళు నవ్వుకున్నాను. తరవాత మరిచిపోయాను. ఇవాళ నువ్వు కత్తిరించావని వినగానే మాత్రం…” చిన్నకోడలు సంచి భుజం మార్చుకుంది. “ఏడుపొచ్చింది. నువ్వు చప్పుడు తప్ప మాట కత్తిరించడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

పెద్దకోడలికి కడుపులో మంట చల్లారిందా అంటే లేదు, ఎక్కడికీ పోలేదు. తాళంచెవి దాని సంచిలో గలగలమంటున్నట్టు అడుగడుక్కీ వినిపిస్తోంది. కానీ ఆ గలగలని విననట్టు నటించే పని ఇప్పుడు లేదు.

అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి రావడం చూసి, ఎటు చూడాలో తోచక ఆకాశం వైపు చూసింది.

“మీకు తెలుసా అత్తయ్యా, మీ చెప్పుల కథ విని కమిటీ అంతా నవ్వింది,” అంది చిన్నకోడలు మెట్టు మీద కూర్చుంటూ. “కొత్త గది నాకిచ్చారు.”

అత్తగారు ముందు పెద్దకోడలి మొహం చూసింది. పెద్దకోడలు తల ఊపి, ఆవిడ కుర్చీ పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

“అయితే ఆ గదిలో మళ్ళీ మాట్లాడమంటారా నన్ను?” అంది అత్తగారు, కొంచెం ఆశగా.

“మీరు ఇంక పనికిరారు అత్తయ్యా,” అంది పెద్దకోడలు. “మీ గొంతు వీధిలో యంత్రాలన్నిటికీ తెలిసిపోయింది.”

“తెలిసిన గొంతైతే పనికిరాదా? ఇదెక్కడి చోద్యమమ్మా,” అని అత్తగారు నొచ్చుకుంది. అంతలోనే లోలోపల సంబరపడింది కూడా. యంత్రాలన్నిటికీ అంటే మాటలా.

పెద్దకోడలు గోడకి తల ఆనించి, ఎదురుగా మెట్టుమీద చెప్పులు విప్పుతున్న తోడికోడలిని చూస్తూ, “అత్తయ్యా,” అంది. “ఆ బిస్కెట్లు. నిజం చెప్పండి, ఎవరివి బాగున్నాయి?”

అత్తగారు అలవాటుగా గడియారం వైపు తిరగబోయింది. వాకిట్లో గడియారం లేదు. ఒకసారి ఈ కోడలిని, ఒకసారి ఆ కోడలిని చూసింది.

“చిన్నదానివే,” అంది. “నీవి మెత్తబడిపోయాయి.”

చిన్నకోడలు చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

“మెత్తబడ్డాయా?” అంది పెద్దకోడలు.

“బొత్తిగా. నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టముక్కలాగున్నాయి. ఆరేళ్ళనుంచీ చెబుదామనే చూస్తున్నాను.”

పెద్దకోడలి మొహం ఎర్రబడింది. అయితే ఆవిడ కుడికాలు మాత్రం ముందుకి జరిగి, వాకిట్లో గచ్చుని మెల్లగా నొక్కింది.

“ఇంకా,” అంది. “ఇంకా ఏమేం చెబుదామనుకున్నారు, చెప్పండి.”